మీకు తెలుసా? కోసి తీసినా ఆగని మెరుపులు

మూర్ఛ రోగికి ఆపరేషన్ చేసి తీసిన మెదడు ముక్క తలలోంచి బయటికొచ్చాక కూడా గంటల తరబడి బతికే ఉంటుందని మీకు తెలుసా? బతికి ఉండటమంటే పాడవకుండా ఉండటం అనుకునేరు. అందులోని న్యూరాన్లు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటూనే ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నని ఎలక్ట్రోడ్‌ను ఆనిస్తే ఆ సంకేతాలు కంప్యూటర్ తెర మీద గీతలుగా నడుస్తాయి. కొన్ని ముక్కల్లోనైతే, ఆ రోగికి అంతకుముందు తలకు తీగలు తగిలించి ఈఈజీ తీసినప్పుడు కనిపించిన మొనదేలిన గీతల్లాంటివే మళ్లీ కనిపిస్తాయి. మనిషేమో వార్డులో కోలుకుంటూ ఉంటాడు. అతని జబ్బు తాలూకు తునక మాత్రం ల్యాబులో ఒక చిన్న గాజు గిన్నెలో తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది.

తీసేది పరిశోధన కోసం కాదు

ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. ఎక్కువమందికి రోజూ మాత్రలు వేసుకుంటే ఫిట్స్ అదుపులో ఉంటాయి. దాదాపు మూడోవంతు మందికి మాత్రం ఉండవు. సరైన మందులు సరైన మోతాదులో కనీసం రెండు రకాలు వాడి చూసినా ఫిట్స్ ఆగకపోతే, దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు డాక్టర్లు. అలాంటి వాళ్లలో ఫిట్స్ మెదడులో ఒకే చోట పుడుతున్నాయని తేలి, ఆ చోటు తీసేసినా మాటకూ చూపుకూ కాళ్లూచేతులకూ ముప్పు లేదనుకుంటే, అప్పుడు ఆపరేషన్ మాట వస్తుంది. ఎక్కువగా తీసేది కణత లోపలివైపు ఉండే టెంపొరల్ లోబ్ ముందు భాగం, దాని అడుగున ముడుచుకుని ఉండే హిప్పోక్యాంపస్.

పరిశోధకుల కోసమని గోరంత కూడా ఎక్కువ కోయరు. తీసినదాంట్లో కొంత జబ్బు నిర్ధారణకు పాథాలజీ విభాగానికి వెళ్తుంది. మిగిలింది, రోగి ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటేనే, ల్యాబుకు వెళ్తుంది. ఒప్పుకోకపోతే ఆసుపత్రి వ్యర్థాలతో పాటు పోతుంది.

ఐసు, ఆక్సిజన్, ఉరుకులు

శరీరం బరువులో మెదడు 2 శాతమే. వాడుకునే ఆక్సిజన్ మాత్రం దాదాపు 20 శాతం. అంత ఖర్చుదారు అవయవానికి ఒక్కసారిగా రక్తం ఆగిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ముక్క బయటికొచ్చిన క్షణం నుంచి ప్రతి నిమిషమూ లెక్కే. థియేటర్ తలుపు దగ్గరే ల్యాబు మనిషి ఒకరు డబ్బాతో నిలబడి ఉంటారు. డబ్బాలో ఐసు మీద చల్లార్చిన ద్రావణం ఉంటుంది. మెదడు చుట్టూ ఉండే నీటిని పోలిన లవణాలు కలిపిన నీళ్లవి. అందులోకి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాసు బుడబుడమని వస్తూనే ఉండాలి. ఆ 5 శాతం ఎందుకంటారా? అది లేకపోతే ద్రావణం క్షారం వైపు మొగ్గుతుంది. న్యూరాన్లకు అది పడదు. ఎంత పడదో ఇంకాస్త కిందికి వెళ్లాక చూద్దాం.

చల్లదనం వల్ల కణాల ఖర్చు తగ్గుతుంది. కోసే సమయంలో చాలా ల్యాబులు సోడియం ఉప్పు తగ్గించి దాని బదులు పంచదార కలిపిన ద్రావణం వాడతాయి. గాయపడ్డ న్యూరాన్‌లోకి సోడియం దూసుకొచ్చిందంటే అది ఉబ్బి చస్తుంది మరి.

తర్వాతి పని కోత. మెదడు జున్నుకన్నా మెత్తన. మామూలు కత్తి పెడితే నలిగిపోతుంది. అందుకని బ్లేడు పక్కలకు సన్నగా వణుకుతూ నెమ్మదిగా ముందుకు జరిగే వైబ్రటోమ్ అనే యంత్రంతో కోస్తారు. ఒక్కో పొర మందం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. ఈ కొలత వెనక ఒక బేరం ఉంది. రక్తనాళాలు పనిచేయవు కాబట్టి ఆక్సిజన్ పై నుంచి, కింది నుంచి ఇంకాల్సిందే. మందం ఎక్కువైతే నడుమనున్న కణాలు ఊపిరాడక పోతాయి. మరీ పలచనైతే కణాల మధ్య తీగలన్నీ తెగి, వినడానికి సంభాషణే మిగలదు.

పొరలు ఒక గంట తేరుకున్నాక అసలు ప్రయోగం మొదలవుతుంది. ఆపరేషన్ పొద్దున మొదలైతే ముక్క చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. కాబట్టి ఈ రంగంలో ముఖ్యమైన రికార్డింగులు చాలావరకు రాత్రిపూటే జరుగుతాయి. అన్నీ కుదిరితే పొర ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు బతుకుతుంది.

ల్యాబు నీళ్ల కన్నా సొంత నీళ్లు

రెండు మూడు రోజులు చాలవనుకునే వాళ్లు పొరలను వారాల తరబడి పెంచే పద్ధతులు కనిపెట్టారు. జర్మనీలోని ట్యూబింగన్ పరిశోధకులు 2017లో ఒక ముచ్చటైన సంగతి బయటపెట్టారు. ల్యాబులో కలిపిన పోషక ద్రావణంలో కన్నా, మనుషుల వెన్నెముక నుంచి తీసిన అసలు మెదడు ద్రవంలో ఉంచితే మానవ మెదడు పొరలు ఎక్కువ కాలం బతికాయి, న్యూరాన్లు ఎక్కువ చురుగ్గా ఉన్నాయి. ఆ ద్రవంలో లవణాలే కాక ఇంకా ఎన్నెన్నో ఉంటాయి. మనం సీసాలో కలిపేది దానికి నకలే, అదీ అసంపూర్తి నకలు.

1950లలోనే మొదలు

ఇదంతా నిన్నమొన్నటి విద్య అనుకోకండి. లండన్‌లో హెన్రీ మెకిల్‌వెయిన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 1950ల మొదట్లోనే గినీ పందుల మెదడు పొరలతో పాటు ఆపరేషన్లలో తీసిన మనుషుల మెదడు పొరలనూ గాజు గిన్నెల్లో ఉంచి విద్యుత్తు తగిలించి చూశాడు. అప్పట్లో ఆయన కొలిచింది న్యూరాన్ల మాటలను కాదు, తిండిని. విద్యుత్తు తగలగానే పొర ఎంత ఆక్సిజన్ పీలుస్తోంది, ఎంత గ్లూకోజ్ తింటోంది అన్నదే ఆయన లెక్క. తెగిన ముక్క కూడా ప్రేరణకు స్పందిస్తుందని అలా తెలిసింది. మానవ మెదడు పొరల్లో న్యూరాన్ల విద్యుత్తును జపాన్ పరిశోధకులు 1973లో నమోదు చేశారు. మూర్ఛ రోగుల న్యూరాన్లను ఈ పద్ధతిలో ఒక్కొక్కటిగా పరీక్షించిన తొలి నివేదికల్లో ఒకటి 1981లో అమెరికా నుంచి వచ్చింది. డేవిడ్ ప్రిన్స్, రాబర్ట్ వాంగ్ రాసినది.

అప్పట్లో చాలామందికి నిరాశే ఎదురైంది. ఫిట్స్‌కు పుట్టినిల్లు అనుకున్న చోటు నుంచి తెచ్చిన పొర గిన్నెలో కిమ్మనకుండా కూర్చునేది. విడివిడిగా చూస్తే న్యూరాన్లు మామూలుగానే కనిపించేవి. దాంతో ఒక అనుమానం బలపడింది: మూర్ఛ ఒక్కో కణంలో ఉండే జబ్బు కాదేమో, కణాలు గుంపుకట్టే తీరులో ఉందేమో. గుంపును తెగ్గోసి ఒక పొర తెచ్చుకుని, అందులో గుంపు గుణం వెతకడం ఎంత చిక్కో ఆలోచించండి. ఈ రంగాన్ని ఇప్పటికీ వదలని చిక్కు ఇదే.

పారిస్‌లో దొరికిన తలకిందుల సంగతి

ఇక ఈ శీర్షిక మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముచ్చట. 2002. పారిస్‌లోని పిటియె సాల్‌పెట్రియేర్ ఆసుపత్రి. రిచర్డ్ మైల్స్, ఇవాన్ కొహెన్, వాళ్ల సహచరులు టెంపొరల్ లోబ్ మూర్ఛ ఉన్నవారి మెదడు పొరలను పరీక్షిస్తున్నారు. అందరి చూపూ హిప్పోక్యాంపస్ మీదే ఉన్న కాలమది. ఎందుకుండదు? అలాంటి రోగుల్లో చాలామందికి హిప్పోక్యాంపస్ ఎండి గట్టిపడి ఉంటుంది. ఆ సంగతి 19వ శతాబ్దం నుంచీ తెలిసిందే. దొంగ అక్కడే ఉంటాడనుకున్నారు.

వాళ్ల పొరల్లో ఎవరూ రెచ్చగొట్టకుండానే, ఏ మందూ పొయ్యకుండానే, లయబద్ధంగా విద్యుత్ మెరుపులు పుట్టాయి. రోగుల ఈఈజీలో ఫిట్‌కూ ఫిట్‌కూ నడుమ కనిపించే మెరుపుల్లాంటివే. కాకపోతే పుట్టింది హిప్పోక్యాంపస్ ఎండిపోయిన భాగంలో కాదు, దాని పక్కింట్లో. సుబిక్యులం అనే ఆ ప్రాంతంలో కణాలు పెద్దగా చావలేదు. కానీ తమకు రోజూ కబుర్లు పంపే పొరుగు కణాలు మాత్రం చచ్చిపోయాయి.

అంతకన్నా వింత ఇంకోటుంది. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం న్యూరాన్లను ఉసిగొల్పుతుంది, గాబా అనే రసాయనం సద్దుమణిగిస్తుంది అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మూర్ఛ మందుల్లో కొన్నింటి సూత్రం గాబాకు బలం చేకూర్చడమే. మరి గాబాను అడ్డుకుంటే ఆ మెరుపులు పెరగాలి కదా? పెరగలేదు, ఆగిపోయాయి. గ్లుటమేట్‌ను అడ్డుకున్నా ఆగిపోయాయి. సద్దుమణిగించాల్సిన గాబా అక్కడి కొన్ని న్యూరాన్లను ఉసిగొల్పుతోందన్నమాట.

కారణం క్లోరైడ్. మన వంటింటి ఉప్పులో సగభాగం అదే. గాబా తగలగానే న్యూరాన్ గోడలో క్లోరైడ్ దారి తెరుచుకుంటుంది. మామూలు న్యూరాన్ లోపల క్లోరైడ్ తక్కువ ఉంటుంది కాబట్టి అది బయటి నుంచి లోపలికి వస్తుంది, రుణావేశం పెరుగుతుంది, కణం చల్లబడుతుంది. లోపల తక్కువ ఉండేలా చూసేది కేసీసీ2 అనే పంపు. అది క్లోరైడ్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తూ ఉంటుంది. ఆ పంపు పనిచేయకపోతే క్లోరైడ్ లోపల పేరుకుంటుంది. అప్పుడు గాబా తలుపు తీసినా, క్లోరైడ్ లోపలికి రావడానికి బదులు బయటికి పోతుంది. కణం చల్లబడదు, ఉలిక్కిపడుతుంది. గర్భస్థ శిశువుల మెదడులో క్లోరైడ్ ఎక్కువగానే ఉంటుంది, గాబా ఇలాగే ఉసిగొల్పుతుంది. అది ఎదుగుదలలో భాగం. ఎదిగిన మనిషి మెదడులో ఒక మూల మళ్లీ పసితనపు అలవాటుకు పోవడం మాత్రం జబ్బు. పారిస్ బృందమే 2007లో, అలా ఉలిక్కిపడే న్యూరాన్లలో కేసీసీ2 కొరవడిందని చూపించింది.

ఇక్కడికి కథ బాగుంది. క్లోరైడ్‌ను లోపలికి తెచ్చే మరో పంపును ఆపే మందు అప్పటికే బజార్లో ఉంది. బ్యూమెటనైడ్. ఒంట్లో నీరు పడితే మూత్రం జారీ అవడానికి ఇచ్చే మాత్ర. దాన్ని పొరల మీద పోస్తే మెరుపులు తగ్గాయి. అంతే, మూర్ఛకు కొత్త మందు దొరికేసిందని అనుకున్నవాళ్లు చాలామంది.

యూరప్‌లో, పుట్టగానే ఊపిరందక ఫిట్స్ వస్తున్న శిశువులకు ఇదే మందు ఇచ్చి చూశారు. పసివాళ్ల మెదడులో క్లోరైడ్ ఎలాగూ ఎక్కువే కాబట్టి వాళ్లకు బాగా పనిచేస్తుందని లెక్క. 14 మంది శిశువుల దగ్గరే ఆ పరీక్షను ఆపేయాల్సి వచ్చింది. ఫిట్స్ ఆశించినట్టు తగ్గలేదు సరికదా, కొందరికి వినికిడి దెబ్బతింది. 2015లో ఫలితం ప్రచురించారు. ఈ మందు రక్తంలోంచి మెదడులోకి చేరేది చాలా తక్కువ. గిన్నెలో ఉన్న పొరకైతే నేరుగా అందుతుంది. మూర్ఛకు కొత్త మందు అనే శీర్షిక పేపర్లో కనిపించినప్పుడల్లా నేను ముందు వెతికేది ఇదే: పని చేసింది గిన్నెలోనా, మనిషిలోనా?

తాళాలగుత్తి మహిమ

మన ఊళ్లలో ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టే, ఉల్లిపాయ వాసన చూపించే అలవాటు ఇంకా పోలేదు. ఒకటి రెండు నిమిషాల్లో ఫిట్ ఆగుతుంది. పేరు తాళాలకు దక్కుతుంది. మెదడు పొరలో కూడా పరిశోధకులు ఫిట్ లాంటి విద్యుత్ తుపాను రప్పించగలరు. పొటాషియం పెంచో, మెగ్నీషియం తగ్గించో రెచ్చగొడితే చాలు. అది కూడా కాసేపు చెలరేగి దానంతటదే ఆగిపోతుంది. ఆ గిన్నెలో ఇనుము లేదు, ఉల్లిపాయ వాసన లేదు. ఆగే ఏర్పాటు కణజాలంలోనే ఉంది. మనం చేయాల్సింది మనిషిని ఓ పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడటం. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్. నోట్లో ఏమీ కుక్కకూడదు.

తుపానుకు ముందు వచ్చేది వేరు

ఫిట్‌కూ ఫిట్‌కూ నడుమ వచ్చే చిన్న మెరుపులే ముదిరి పెద్ద ఫిట్ అవుతాయా? చూడ్డానికి అలాగే అనిపిస్తుంది. పారిస్ వాళ్లే 2011లో జిల్ హ్యూబర్‌ఫెల్డ్ ఆధ్వర్యంలో దీన్ని తేల్చి చూశారు. పొరలను రెచ్చగొట్టి ఫిట్ లాంటి తుపాను పుట్టేదాకా ప్రతి మెరుపునూ నమోదు చేశారు. తుపాను దగ్గరపడేకొద్దీ పాత మెరుపుల నడుమ కొత్త రకం మెరుపులు తలెత్తాయి. ఇవి పెద్దవి, వేగంగా పాకుతాయి, వేరే చోట పుడతాయి. పాత వాటికి ముందు మోగేవి గాబా కణాలు. కొత్తవాటికి ముందు మోగేవి గ్లుటమేట్‌తో పనిచేసే పిరమిడ్ ఆకారపు కణాలు. ఈ కొత్తవి పదేపదే వచ్చి వచ్చి తుపానును రేపాయి.

తర్వాత వాళ్లు, తలలో ఎలక్ట్రోడ్లు అమర్చుకుని ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న రోగుల రికార్డులు తీసి చూశారు. సరిగ్గా ఫిట్ మొదలయ్యే చోట మాత్రమే, ఫిట్‌కు ముందు, ఈ కొత్త రకం మెరుపులు కనిపించాయి. గిన్నెలో చూసింది మనిషిలో సరిపోలడం ఈ రంగంలో అరుదు. అందుకే దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

వాళ్లు రెచ్చగొట్టిన తీరుల్లో ఒకటి ద్రావణాన్ని కాస్త క్షారం చేయడం. ఈఈజీ తీసేటప్పుడు టెక్నీషియన్ ‘గట్టిగా ఊపిరి పీల్చి వదలండి, ఆపకండి’ అని మూడు నిమిషాలు చేయించడం మీలో కొందరికి అనుభవమే. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాగి ఉన్న మెరుపులేమైనా ఉంటే బయటపడతాయి. గిన్నెలో, పరుపు మీద ఒకటే కిటుకు.

మరి మంచి మెదడు ముక్క ఎవరిస్తారు?

ఏ జబ్బు పరిశోధనకైనా పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల నమూనా కావాలి. రక్తమైతే ఎవరైనా ఇస్తారు. బతికున్న మెదడు ముక్క ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఎలుక మెదడుతో పోల్చవచ్చు, కానీ ఎలుకకూ మనిషికీ తేడా ఎంతో తెలియకే కదా ఈ ముక్క తెచ్చుకున్నది. కణితి తీసేటప్పుడు అంచున వచ్చిన ముక్కతో పోలుస్తారు, కానీ కణితి ఉన్నవాళ్లకూ ఫిట్స్ వస్తుంటాయి. లోతున ఉన్న హిప్పోక్యాంపస్‌ను చేరడానికి సర్జన్ దారిలో తీయాల్సి వచ్చే పైపొర కాస్త నయం. అది ఫిట్స్ పుట్టిన చోటు కాదు. అయినా ఏళ్ల తరబడి ఫిట్స్ చూసిన మెదడే, మందులు మింగిన మెదడే.

వింతేమిటంటే, ‘మామూలు’ మానవ న్యూరాన్ల గురించి ఇటీవల బయటపడ్డ గొప్ప సంగతులు చాలావరకు ఈ దారిలో తీసిన ముక్కల నుంచే వచ్చాయి. బెర్లిన్‌లో మాథ్యూ లార్కమ్ బృందం 2020లో మూర్ఛ, కణితి రోగుల ముక్కల్లో చూసి, మానవ న్యూరాన్ కొమ్మల్లో అప్పటిదాకా తెలియని రకం క్యాల్షియం సంకేతాన్ని కనిపెట్టింది. ఒక్క న్యూరాన్ కొమ్మ చేసే గణితం మనం అనుకున్నదాని కన్నా పెద్దదని దాని అర్థం. అలా మనందరి మెదళ్ల పాఠం, ఫిట్స్‌తో బాధపడ్డ వాళ్ల ముక్కల మీద రాస్తున్నారు. ఇందులో నాకు కాస్త ఇబ్బంది, కాస్త కృతజ్ఞత రెండూ ఉన్నాయి.

ముక్కకు నొప్పి తెలుస్తుందా?

తెలియదు. మెదడులో నొప్పిని పసిగట్టే నరాల కొసలే లేవు. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ రోగులతో మాట్లాడుతూనే వాళ్ల మెదడుకు ఆపరేషన్ చేయగలిగింది అందుకే.

రక్తపరీక్షలో దొరకని తప్పు

1971లో లండన్‌లో టేలర్, ఫాల్కనర్, మరో ఇద్దరు కలిసి, మూర్ఛకు ఆపరేషన్ చేయించుకున్న 10 మంది మెదడు ముక్కలను సూక్ష్మదర్శిని కింద చూసి ఒక వింత వర్ణించారు. పొరలు పొరలుగా ఉండాల్సిన కణాలు చిందరవందరగా ఉన్నాయి. కొన్ని కణాలు భారీగా ఉబ్బి ఉన్నాయి. దాన్నే ఇప్పుడు ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేజియా అంటున్నారు. పిల్లల్లో మందులకు లొంగని మూర్ఛకు ముఖ్య కారణాల్లో అదొకటి.

కారణం తేలడానికి మరో 40 ఏళ్లు పట్టింది. రక్తంలో జన్యువులు పరీక్షిస్తే అంతా సవ్యంగానే ఉండేది. 2012 తర్వాత, తీసిన మెదడు ముక్కలోని డీఎన్ఏనే నేరుగా చదవడం మొదలెట్టాక తప్పు దొరికింది. గర్భంలో మెదడు తయారవుతుండగా ఏదో ఒక్క కణంలో ఎంటార్ అనే వ్యవస్థకు చెందిన జన్యువులో పొరపాటు జరుగుతుంది. కణం ఎంత పెరగాలో చెప్పే వ్యవస్థ అది. ఆ కణం సంతతికి మాత్రమే పొరపాటు అందుతుంది, తక్కిన ఒళ్లంతా శుభ్రం. కొన్నిసార్లు ఆ ముక్కలో కూడా నూటికి ఒకటి రెండు కణాల్లోనే తప్పు ఉంటుంది. అమ్మా నాన్నల నుంచి వచ్చింది కాదు. మా వంశంలో ఎవరికీ లేదే అని బాధపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చెప్పగలగడం చిన్న విషయం కాదు.

ఎంటార్ గురించిన జ్ఞానం మందుగా కూడా మారింది. ఎంటార్‌ను అణిచే ఎవరోలిమస్‌ను, అదే వ్యవస్థ చెడడం వల్ల వచ్చే ట్యూబరస్ స్క్లెరోసిస్ రోగుల ఫిట్స్‌కు వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతించింది.

9,523

యూరప్‌లోని 12 దేశాల్లో, 36 కేంద్రాల్లో, 25 ఏళ్లలో మూర్ఛకు ఆపరేషన్ చేయించుకున్న ఇంతమంది మెదడు ముక్కల ఫలితాలను 2017లో ఒకచోట చేర్చారు. 36.4 శాతం మందిలో హిప్పోక్యాంపస్ ఎండిపోవడం, 23.6 శాతం మందిలో కణితులు, 19.8 శాతం మందిలో మెదడు పైపొర ఏర్పడటంలో లోపాలు. నాలుగింట మూడొంతుల మందికి ఫిట్స్ 18 ఏళ్ల లోపే మొదలయ్యాయి. 7.7 శాతం మంది ముక్కల్లో మాత్రం సూక్ష్మదర్శినికి ఏ తేడా కనిపించలేదు. ఫిట్స్ వచ్చాయి, ముక్క తీశారు, చూస్తే కణాలన్నీ సలక్షణంగా ఉన్నాయి. ఎలక్ట్రోడ్ పెట్టి వినాల్సిన అవసరం ఈ చివరి వాళ్ల విషయంలోనే ఎక్కువ.

వెలుగు పడితే నిశ్శబ్దం

2024 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, శాన్‌ఫ్రాన్సిస్కో, శాంటాక్రూజ్ ప్రాంగణాల వాళ్లు, ఇంకో మెట్టు ఎక్కారు. మూర్ఛ రోగుల హిప్పోక్యాంపస్ పొరల్లోకి, హాని చేయని వైరస్ ద్వారా, వెలుగుకు స్పందించే ప్రొటీన్ తాలూకు జన్యువును పంపారు. పొరలను వేల ఎలక్ట్రోడ్లున్న చిప్ మీద పరిచారు. రెచ్చగొట్టి అల్లరి పుట్టించాక వెలుగు వేస్తే అల్లరి తగ్గింది. ఎలుకల్లో ఇది పాత విద్యే. మానవ మెదడు పొరలో చూపడం కొత్త. పొరకు కుదుపు తగలకుండా ప్రయోగాన్ని దూరం నుంచే కంప్యూటర్ ద్వారా నడిపారట. అయితే మందు తయారైనట్టేనా అని అడిగితే, బ్యూమెటనైడ్ కథ మరోసారి చదవమంటాను.

మన దేశంలో

బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మానవ మెదడు కణజాలాన్ని భద్రపరిచే భాండాగారం ఉంది. చనిపోయాక దానం చేసిన మెదళ్లు ప్రధానంగా అందులో ఉంటాయి. కణాల ఆకారం, ప్రొటీన్లు, జన్యువులు చూడ్డానికి అవి అమూల్యం. మెరుపులు మాత్రం వాటిలో ఉండవు. మెరుపులు వినాలంటే థియేటర్ పక్కనే ల్యాబు ఉండాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంతో కలిసి, ఆ పని జరుగుతోంది. హిప్పోక్యాంపస్ ఎండిన రోగుల్లో ఆ భాగమూ, టెంపొరల్ లోబ్ ముందు కొసా రెండూ విడివిడిగా, వేరువేరు తీరుల్లో అల్లరి చేస్తున్నాయని వాళ్లు 2017లో ప్రచురించారు. అంటే కొందరిలో దొంగలు ఇద్దరు. ఒకరిని తీసేసి ఒకరిని వదిలేస్తే ఆపరేషన్ తర్వాత కూడా ఫిట్స్ ఎందుకు రావచ్చో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మన దగ్గర పోల్చి చూడాల్సిన ఇంకో సంగతీ ఉంది. బద్దెపురుగు గుడ్లు కలిసిన తిండి వల్ల మెదడులో తిత్తులు ఏర్పడి వచ్చే మూర్ఛ యూరప్ లెక్కల్లో దాదాపు కనిపించదు, మన దగ్గర మామూలు. వాళ్ల ముక్కలు చెప్పిన పాఠం మన ముక్కలకు పూర్తిగా వర్తిస్తుందనుకోవడానికి వీల్లేదు.

ముక్క దొరకని ఆపరేషన్లు

చివరిగా, పరిశోధకులు గుసగుసగా మాట్లాడుకునే ఒక బెంగ. ముక్క పనికి రావాలంటే సర్జన్ దాన్ని ఒకే తునకగా తీయాలి. పీల్చి తీసేస్తే మిగిలేది గుజ్జే. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు రెండువైపులా హిప్పోక్యాంపస్ భాగాలు తీసేసి, ఆయన కొత్త జ్ఞాపకాలు నిలుపుకునే శక్తినే పోగొట్టిన ఆ ప్రసిద్ధ ఆపరేషన్‌లోనూ మెదడును పీల్చే తీశారు. ఇప్పుడు లేజర్ వచ్చింది. పుర్రెలో చిన్న రంధ్రం చేసి, సన్నని తీగ దింపి, ఎంఆర్ఐలో చూస్తూ ఫిట్స్ పుట్టే చోటును వేడితో మాడ్చేస్తారు. రోగి త్వరగా ఇంటికి వెళ్తాడు, కుట్లు తక్కువ, నొప్పి తక్కువ. ల్యాబుకు మాత్రం ఏమీ మిగలదు. రోగికి మేలైనదే చేయాలి, అందులో రెండో మాట లేదు. కొందరు పరిశోధకులు ఇప్పటికే వేరే దారి వెతుక్కున్నారు. ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో కనిపెట్టడానికి తలలో కొన్నాళ్లు ఉంచి తీసేసే ఎలక్ట్రోడ్ల కొసలకు నాలుగు కణాలు అంటుకుని వస్తాయి. ఇదివరకు వాటిని పారేసేవారు. ఇప్పుడు ఆ కొసలను జాగ్రత్తగా కడిగి, ఆ నీటిలోంచి డీఎన్ఏ తీసి చదువుతున్నారు.